వంటక్క ఉర్లగడ్డ

ఆ రోజుల్లో నాకు పాఠ్యపుస్తకం మీదున్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ప్రొద్దుటూరులో మా నాన్న బట్టల అంగడి వదిలి, సింహాద్రిపురం పక్క పల్లె బడిలో సైన్సు టీచరుగా చేరాను, అదీ ఏడాది ప్రొబేషన్ మీద. పాఠం చెప్పడం చేతకాదని తేలితే తిరిగొచ్చి చీరలు మడత పెట్టుకోమని నాన్న ముందే చెప్పేశాడు. (నాకు ఆ మడతలూ సరిగ్గా రావు, అది వేరే బాధ.)

తనిఖీకి పెద్దసారు వచ్చిన రోజే ఉత్ప్రేరకాల పాఠం పెట్టుకున్నాను. హైడ్రోజన్ పెరాక్సైడులో మాంగనీస్ డయాక్సైడు అనే నల్లపొడి వేస్తే ఆక్సిజన్ నురగలా పొంగాలి. తీరా సీసా మూత తీస్తే పొడి లేదు, అడుగున మరక మాత్రం ఉంది. మందుల షాపులో కొన్న పెరాక్సైడు గ్లాసులో మంచినీళ్లలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. పెద్దసారు గడియారం చూసుకున్నాడు. నా కళ్ల ముందు చీరల మడతలు కదిలాయి. అప్పుడు వరండాలో మధ్యాహ్న భోజనం కుర్మాకు ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, తరుగుతున్న వంటక్క కిటికీలోంచి మెల్లగా అడిగింది.

"పుండు మీద పోస్తే బుస్సుమని పొంగుతాది గదమ్మా, గ్లాసులో గమ్మునుంది ఏంది?"

నిజమే. పుండులో ఉన్నదేదో గ్లాసులో లేదు. ప్రాణమున్న కణాల్లో ఎంజైములే ఉత్ప్రేరకాలని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, నాకెందుకు తట్టలేదో! ఆమె పళ్లెంలోంచి నాలుగు పచ్చి ముక్కలు తీసి వేశాను. నురగ లేచి, అంచు దాటి, బల్ల మీదికి పారింది. పొయ్యి లేకుండానే గ్లాసు వెచ్చబడింది. కొసన నిప్పు మాత్రమే మిగిలిన అగరుబత్తిని నురగ దగ్గర పెడితే భగ్గున మండింది. పిల్లలతో పాటు నేనూ ఊపిరి బిగబట్టాను. రోజూ తినే గడ్డలో ఇంత శక్తి ఉందా అనిపించింది. ఈ ఆలోచన ఎవరిదని పెద్దసారు అడిగాడు.

"నాదే సార్" అన్నాను. వంటక్క వింది, తలొంచుకుని తరుగుతూనే ఉంది.

ఉత్ప్రేరకం చర్యను వేగం చేస్తుంది గాని తాను మారదని చెప్పి పాఠం ముగించాను. ఆ మాట అందరికంటే శ్రద్ధగా విన్నది ఆమే. గ్లాసులోని ముక్కలు కడిగి తీసుకుపోతుంటే వద్దనబోయాను.

"అవి మారలేదని నువ్వే అంటివి గదమ్మా" అని కుర్మాలో కలిపేసింది. పెద్దసారు మారు వడ్డించుకున్నాడు. (నేను మాత్రం పెరుగన్నంతో సరిపెట్టుకున్నాను.)

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు నా బీరువాలో నల్లపొడి నిండుగా ఉంది, అయినా ఏటా ఉర్లగడ్డే తెస్తాను. ఇది మా వంటక్క కనిపెట్టిందని చెప్పాకే గ్లాసులో వేస్తాను. "నాదే సార్" అన్న ఆ పిల్లను తలచుకుంటే సిగ్గుతో పాటు నవ్వూ వస్తుంది. పిల్లలు నురగను చూస్తుంటే నేను కిటికీ వైపు చూస్తాను. ఆ మాట వినాల్సిన మనిషి అక్కడ ఉండదు.