సముద్రం దాటిన అవ్వ మాట

రేడియోలో "అత్యున్నత న్యాయస్థానం" అన్న మాట వినపడితే చాలు, నా అరచేతులకు చెమట పడుతుంది. మొన్న మధ్యాహ్నం వార్తల్లో ఏదో తీర్పు గురించి చెబుతుంటే మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "ఏందవ్వా, చెయ్యి ఇంత చల్లగా ఉండాది?" అని అడిగింది. అది ఎవరి తగవో, ఏ ఊరి తగవో నాకు తెలియదు. అయినా తొణకని ఆ గొంతు వింటే, మన మొహం ఎన్నడూ చూడనివాళ్లు ఎక్కడో కూర్చుని మన బతుకు గురించి మాట్లాడుతున్నారన్న భయం పుడుతుంది. ఆ భయం వెంటే హుసేనమ్మవ్వ గుర్తొస్తుంది. ఆమె మా పక్కింటి దూదేకుల ముసలామె. పరుపులకూ బొంతలకూ దూది ఏకి బతికేది. నాకు మాట్లాడడం నేర్పింది ఆమే అంటాను. నోరు పుట్టుకతోనే ఉంది లెండి, దాన్ని అదుపులో పెట్టుకోవడం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

మాది కర్నూలుకు పడమట, పత్తికొండ దారిలో ఒక పల్లె. మా నాయనకు నేనొక్కతెనే. మా రెడ్లలో మగపిల్లలు లేనివాళ్లు ఇల్లటం అల్లుణ్ణి తెచ్చుకునేవాళ్లు. అతను పుట్టినిల్లు వదిలి వచ్చి, మామ దగ్గర కొడుకులా సేద్యం చేసి, మామ పోయాక కొడుకులాగే భాగం తీసుకుంటాడు. అట్లా వచ్చినవాడే నా భర్త సుంకిరెడ్డి. పెళ్లికి ముందు పెద్దమనుషుల ఎదుట "ఇంత భాగం నీది" అని మాట తేల్చి చెప్పడం ఆచారం. మా నాయన తేల్చలేదు. పెళ్లికొడుకుతో భాగాల సంగతి మాట్లాడితే సంతలో ఎద్దును బేరమాడినట్లుంటుందని ఆయనకు మొహమాటం. "కొడుకుగా ఉండు నాయనా, నా తరువాత ఈ మడక నువ్వే పట్టాల" అని మాత్రం అన్నాడు. మడక అంటే మా వైపు నాగలి. ఆ మాట విన్న పెద్దమనుషులు మొదటి పెద్దయుద్ధం తరువాత వచ్చిన విషజ్వరాల్లో ఒకరి వెనక ఒకరు పోయారు. మా నాయనా ఆ జ్వరాల్లోనే పోయాడు. నా భర్త కాక విన్నవాళ్లలో మిగిలింది, ఆ రోజు మా వాకిట్లో పెళ్లిపరుపుకు విల్లు మీటి దూది ఏకుతూ కూర్చున్న హుసేనమ్మవ్వ ఒక్కతే.

నాయన పోయిన దుఃఖం ఆరకముందే మా పెదనాయన కొడుకు లింగారెడ్డి దావా వేశాడు. అన్నదమ్ములు వేరుపడలేదు కాబట్టి ఆస్తి ఉమ్మడిది, ఇల్లటం మాటే జరగలేదు, సుంకిరెడ్డి ఒట్టి అల్లుడు. ఇదీ అతని వాదం. అతను గెలిస్తే మాకు పొలమూ ఉండదు, తల దాచుకునే ఇల్లూ ఉండదు. మా ఇంటికి ఎదురుగా అతని మనుషులు కట్టెలు పట్టుకుని ఊరికే కూర్చునేవాళ్లు. ఏమీ అనేవాళ్లు కాదు. తిట్టినా బాగుండేది, ఆ కూర్చోవడానికే నేను పగలు కూడా తలుపు గడియ పెట్టుకునేదాన్ని. ఒక పగటిపూట మా గడ్డివామి తగలబడింది. ఎవరు పెట్టారో ఊరందరికీ తెలుసు, చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

కర్నూలు కోర్టులో సాక్ష్యానికి ముందు మా మేనమామ అవ్వను కూర్చోబెట్టి చెప్పాడు. "ఏం లేదవ్వా, 'సగం భాగం నీది' అని రెడ్డి అన్నాడని ఒక్క మాట చెప్పు. మన పని అయిపోతాది." అవ్వ తలవంచుకుని విన్నది. ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనాన్ని మేము ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాం. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడి చూశాను. ఆమె బోనెక్కింది. ఎదుటి వకీలు, "విల్లు మోగుతుంటే నీకు మాటలెట్లా వినపడినాయి?" అని గద్దించాడు.

"రెడ్డి మాట్లాడతాంటే విల్లు ఆపినా సామీ. పెద్దాయన మాట్లాడేటప్పుడు మోత చేస్తే మర్యాద గాదు గదా."

"భాగం ఇస్తానన్నాడా?"

ఆమె కిటికీ వైపు చూసింది. నన్ను చూసిందో లేదో తెలియదు. 

"కొడుకుగా ఉండమన్న్యాడు. మడక పట్టమన్న్యాడు. భాగమనే మాట నేను ఇనలేదు. మళ్లా విల్లు పట్టుకున్న్యా, ఆ పైన ఏమనుకున్న్యారో నాకు తెల్దు."

కోపం రాలేదని అబద్ధం చెప్పను. బండిలో తిరిగి వస్తూ, "ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదవ్వా? మా కొంప ముంచినావు గదా!" అని ఏడ్చాను. ఆమె నా కాలు నిమురుతూ అన్నది: "ఇనని మాట చెప్తే, ఇన్న మాట గూడా చెడిపోతాది తల్లీ. అప్పుడు మీకు ఏమీ మిగల్దు." ఆ రోజు ఆ మాట నా చెవికెక్కలేదు.

కర్నూలులో ఓడాం, మద్రాసు హైకోర్టులో గెలిచాం. హమ్మయ్య అనుకునేలోపే లింగారెడ్డి లండనుకు పోయాడు. అతను పోలేదు, కాగితాలు పోయాయి. ఆ రోజుల్లో ఈ దేశపు తగవులన్నిటికీ చివరి మాట అక్కడి పెద్ద కోర్టుదే. మా వకీలు చెప్పేవాడు: ఒక జమీందారు దత్తత, ఒక గుడిలో పూజారి హక్కు, రేవులో మునిగిన సరుకు, ఒక్కోసారి ఉరిశిక్ష పడినవాడి మొర, అన్నీ ఆ నలుగురైదుగురు దొరల ముందుకే వస్తాయట. సాక్షులను పిలవరట. కింది కోర్టుల్లో చెప్పిందంతా ఇంగ్లీషులో అచ్చువేసి పంపితే అది చదివి తేలుస్తారట. జొన్న అంటే ఏమిటో, మడక పట్టడమంటే ఏమిటో తెలియనివాళ్లు మా ఇంటి సంగతి తేలుస్తారంటే నాకు అన్నం సయించలేదు.

ఈ సంగతి అవ్వకు చెప్పాను. ఆమె ఏకుతున్న విల్లు పక్కన పెట్టింది. తరువాత, "నా మాట సముద్రం దాటిపోయిందంటనే. ఆడ నేను లేను గదా, దాన్ని ఎవురు కాస్తారు?" అన్నది. అప్పటిదాకా భయం నా ఒక్కదానికే అనుకున్నాను. ఆ తరువాత మేమిద్దరం కలిసి భయపడ్డాం. సాయంత్రాలు ఆమె అరుగు మీద కూర్చునేదాన్ని. తంతి బంట్రోతు ఊరి దారిలో కనపడితే ఇద్దరం లేచి నిలబడేవాళ్లం.

చివరికి తీర్పు వచ్చింది. ఓడిపోయాం. మా వకీలు దాన్ని తెలుగు చేసి చదివాడు. ఈ ముసలి సాక్షి చెప్పిన ప్రతి మాటా నమ్మదగిందేనని, దాన్ని శంకించడానికి ఏ కారణమూ లేదని ఆ దొరలు రాశారు. అయితే ఆమె చెప్పినదాంట్లో భాగం ఇస్తానన్న మాట లేదు. ఆ ఒప్పందం స్పష్టంగా లేనిదే ఇల్లటపు హక్కు నిలవదు. అంతే.

ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు అవ్వ వాకిట్లోకి వచ్చింది. "నా మాట నమ్మినారా వాళ్లు?" అని అడిగింది.

"అంతా నమ్మినారవ్వా."

ఆమె నేల మీద చతికిలబడిపోయింది. "అట్లయితే మీ ఇల్లు కూల్చింది నేనే" అని తల బాదుకుంది. నా భర్త ఆమె చేతులు పట్టుకుని ఆపాడు. నేను జవాబు చెప్పాలి. చెబితే చచ్చిపోయిన మా నాయనను తప్పు పట్టాలి, అందుకు నాకు భయం. అయినా చెప్పాను. "నువ్వు గాదవ్వా. చెప్పాల్సిన మాట మా నాయన చెప్పలేదు. ఆయన చెప్పనిది నువ్వు యాడ నుంచి తెస్తావు?"

అంతలో లింగారెడ్డి పాలేరు ఒక జొన్నల మూట తెచ్చి అవ్వ ముందు దించాడు. వెనకే లింగారెడ్డి వచ్చి, "నీ సాక్ష్యమే మమ్మల్ని గెలిపించిందవ్వా, ఉంచుకో" అన్నాడు నవ్వుతూ. ఆమె గుడిసె ఉన్నది మా నాయన జాగాలో, ఆ రోజుతో అదీ అతనిదే. ఆ సంగతి ఆమెకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. కాదంటే ఏమవుతుందోనని నేనే "తీసుకో అవ్వా" అని గొణిగాను. ఆమె మూటను అతని వైపు నెట్టింది.

"నీ కోసం చెప్పలేదు రెడ్డప్పా. ఈళ్ల కోసమూ చెప్పలేదు. మూట తీసకపో."

లింగారెడ్డి మొహంలో నవ్వు పోయింది. వారం తిరగకముందే ఆమె గుడిసె పీకించేశాడు. నా భర్త బండి కట్టుకుని పోయి ఆమెను కర్నూలుకు, మా ఒంటిగది బాడుగ ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన బజారులో కూలికి పోయేవాడు, అవ్వ వీధుల్లో దూది ఏకేది, నేను ఇద్దరికీ సంగటి కెలికేదాన్ని. పోయేదాకా ఆమె మాతోనే ఉంది. రేపటి గంజికి నూకలున్నాయా అని మేము భయపడని రోజు లేదు గానీ, ఆమె అవునన్నదాన్ని మళ్లీ విచారించవలసిన రోజూ రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలెవరైనా ఎవరి గురించైనా చెప్పబోతే, "నువ్వు చూసినావా? నీ చెవులతో ఇన్నావా?" అని అడ్డం పడతాను. "ఇదేం కోర్టా అవ్వా!" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. విననిది వినలేదని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో వాళ్లకింకా తెలియదు. నాకు తెలుసు, అందుకే నేటికీ నోరు తెరిచే ముందు భయపడతాను.