పంపు శబ్దం ఆగాక వినిపించిన అడుగులు

మా బంధువుల్లో దెయ్యం కథలు చెప్పేవాళ్ళకు నేనంటే చిరాకు. ఎవరైనా మొదలుపెట్టగానే ఎన్ని గంటలకు జరిగింది, లైటు ఉందా, నువ్వే చూశావా, ఎవరో చెప్తే విన్నావా అని అడుగుతాను. సగం కథలు అక్కడే ఆగిపోతాయి. పుదుచ్చేరిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఒక ఫలితం వింతగా వస్తే మళ్ళీ పరీక్ష చేస్తాం, అంతేగాని దిష్టి తీసి పారేయం.

ఇప్పుడు చెప్పబోయేది కూడా అలాగే పదిసార్లు పరీక్షించి చూశాను. తేలలేదు.

మా ఆయన మురళి టూరిస్టు వ్యాన్లు అద్దెకు తిప్పుతారు. కోయంబత్తూరులో ఎవరో అమ్మేస్తుంటే ఒక పాత క్యారవాన్ కొన్నారు. లోపల రెండు పడకలు, చిన్న వంటగట్టు, వెనక మూల టాయ్‌లెట్. అన్నీ బాగానే ఉన్నాయి, నీళ్ళ పంపు ఒక్కటే రాక్షసి. కొళాయి తిప్పితే దానంతట అదే మొదలై, కట్టేస్తే ఆగే రకం పంపు అది. మొదలైందంటే అరలో గిన్నెలు కూడా వణికేవి. అద్దెకు తీసుకున్నవాళ్ళు నవ్వి ఊరుకునేవారు కాబట్టి మేమూ పట్టించుకోలేదు.

మా అత్తమ్మను ఆ బండి ఎక్కించాల్సి వచ్చినప్పుడే అది మాకు పెద్ద సమస్య అయింది.

అత్తమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. మామయ్య పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆమె గంటకోసారి బాత్రూముకు వెళ్ళాలి. అందుకే బస్సు ఎక్కదు, రైలు ఎక్కదు, పెళ్ళిళ్ళకు కూడా రాదు. నెల్లూరులో ఆమె అక్క మంచాన పడింది. ఆ పెద్దావిడకు ఫోన్లో మాట సరిగ్గా రాదు గానీ, ‘‘ఎప్పుడొస్తావే’’ అన్న ఒక్క ముక్క మాత్రం మాకందరికీ అర్థమయ్యేది. అత్తమ్మ ‘‘వస్తా, వస్తా’’ అని ఫోను పెట్టేసి ఆ పూట అన్నం దగ్గరికి కూడా వచ్చేది కాదు. అక్కను ప్రాణాలతో చూడాలంటే ఆమెకు ఉన్న ఒకే దారి ఆ క్యారవాన్.

అలవాటు అవుతుందని ఒక ఆదివారం పొద్దున వైతికుప్పం దగ్గర సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాం. కాసేపటికి అత్తమ్మ లోపలికి వెళ్ళి నీళ్ళ బటన్ నొక్కింది. పంపు గర్రుమని అరిచింది. పడవల పక్కన వల బాగుచేసుకుంటున్న వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. అత్తమ్మ బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చుని, ఇంటికి పోదాం అంది.

‘‘నేను లోపల ఏం చేస్తా ఉండానో ఊరంతా దండోరా వేసినట్టుండాది. ఆ సత్తం ఉన్నంతకాలం నేను దాంట్లో ఎక్కను. మా అక్కకు రాలేనని చెప్పేయండి’’ అంది ఇంటికొచ్చాక.

మురళికి నవ్వొచ్చింది. నేను కళ్ళెర్ర చేశాను. మగవాళ్ళకు రోడ్డు పక్కన ఎక్కడైనా సరిపోతుంది. ఆడదానికి ఆ తలుపు వెనక ఉన్నంతసేపూ ఎవరూ తనను తలచుకోకూడదు.

మా ఊళ్ళోనే ఫ్యాక్టరీలుండే మేట్టుపాళయం ఎస్టేటులో కన్నయ్యన్న అని మాకు తెలిసిన ఫిట్టరు ఉన్నాడు. మా తెలుగువాడే. బండిని అతని షెడ్డుకు తీసుకెళ్ళాం. అతను నేల మీద చెవి పెట్టి విని, పంపు లోపల అరిగిపోయిందని, కొత్తది వేయాలని చెప్పాడు. పైగా పాత పంపును గట్టి ప్లాస్టిక్ పైపుకి, ప్లైవుడ్ నేలకి నేరుగా బిగించారట. అది వణికితే నేల మొత్తం మోగుతుంది. కొత్త పంపుకు రెండువైపులా మెత్తటి హోసు వేస్తానన్నాడు. పంపు నాలుగు కాళ్ళ కిందా రబ్బరు పెడితే సగం శబ్దం చచ్చిపోతుందన్నాడు.

‘‘రబ్బరు యాడ కొనాలన్నా?’’ అని అడిగాను.

‘‘కొనేదేంది చెల్లెమ్మా, ఇంట్లో పాత హవాయి చెప్పులుంటే పట్టకరా. కొత్త రబ్బరు ఎగరతాది. బాగా నడిచిన చెప్పు అణిగి మెత్తగా ఉంటాది, దానికి మించింది లేదు.’’

ఇంట్లో వెతికాను. వాషింగ్ మిషన్ వెనక ఒక పసుపు గుడ్డసంచిలో నీలం పట్టీల హవాయి చెప్పుల జత కనిపించింది. మడమ దగ్గర బాగా అరిగి ఉన్నాయి. మా ఆయన పాతవి అనుకున్నాను. పాత చెప్పుల్ని ఉతికిన సంచిలో చుట్టి ఎవరు దాచుకుంటారు అన్న ఆలోచన రావాలి కదా? రాలేదు. కన్నయ్యన్న నా ముందే నాలుగు ముక్కలు కోసి, కొత్త పంపు కాళ్ళ కింద పెట్టి స్క్రూలు బిగించాడు. కొళాయి తిప్పితే పిల్లి గురక పెట్టినంత శబ్దం. తలుపు మూస్తే అదీ లేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

తర్వాతి ఆదివారం అత్తమ్మను బతిమాలి మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాం. పొద్దున ఎనిమిది అవుతోంది, మంచి ఎండ. ఆమె టాయ్‌లెట్లోకి వెళ్ళింది. మురళి, నేను బండి పక్క తలుపు దగ్గర టీ తాగుతున్నాం. పంపు వినిపించలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసి నవ్వుకున్నాం.

అప్పుడు వినిపించింది. టప్, టప్, టప్, టప్. హవాయి చెప్పులు వేసుకుని నడిస్తే మడమకు తగిలే శబ్దం. నాలుగు అడుగులు. ఆగింది. మళ్ళీ నాలుగు అడుగులు, అటునుంచి ఇటు. అది టాయ్‌లెట్ తలుపు బయట, బండి లోపలి నేల మీద వినిపించింది. నేను తొంగి చూశాను. ఎవరూ లేరు. బండి చుట్టూ తిరిగి వచ్చాను. ఎవరూ లేరు. అత్తమ్మ బయటికి రాగానే శబ్దం ఆగిపోయింది.

ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు. సీటులో కూర్చుని నీళ్ళు కావాలంది. గ్లాసు నిండా తాగింది. ఇంటి బయట ఆమె నీళ్ళు తాగడం చాలా ఏళ్ళ తర్వాత అప్పుడే చూశాను.

మురళి, పంపు సరిగ్గా బిగించలేదన్నారు. నాకూ అదే నమ్మకం. కానీ నమ్మకంతో ఊరుకునే మనిషిని కాను. ఆ వారమంతా ల్యాబుకు వెళ్ళేముందు మా వీధిలో బండి దగ్గర పరీక్షలు పెట్టాను. లోపల ఎవరూ లేకుండా పంపు నడిపాను, శబ్దం లేదు. నేను లోపల కూర్చుని నడిపాను, లేదు. బరువుకు నేల వంగుతోందేమోనని మురళిని కూర్చోబెట్టాను. ఆయన అత్తమ్మకు రెండింతలు ఉంటారు. అయినా లేదు. పంపు బాగా నడుస్తోందో లేదో చూడాలని చెప్పి అత్తమ్మను పంపిస్తే మాత్రం రెండు నిమిషాల్లో టప్, టప్, టప్, టప్. ఫోనులో రికార్డు చేశాను. వింటే కాకుల అరుపులు, పక్కింటి మిక్సీ ఉన్నాయి. అడుగులు లేవు.

చివరికి కన్నయ్యన్నను ఇంటికి పిలిపించాను. పంపు ఫ్యూజు తీసేయించి, లోపల బకెట్‌తో నీళ్ళు పెట్టించాను. అంటే పంపుకు కరెంటే లేదు. అత్తమ్మ లోపలికి వెళ్ళింది. కన్నయ్యన్న నేలకు చెవి ఆనించాడు. అడుగులు మొదలయ్యాయి. అతను చటుక్కున లేచి నిలబడ్డాడు.

‘‘ఇది పంపు సత్తం కాదు చెల్లెమ్మా. ఎవురో నడస్తా ఉండారు’’ అన్నాడు మెల్లగా. టీ పెడతానన్నా ఆగకుండా వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే నాకు భయం కంటే ఆత్రం ఎక్కువైంది. అన్ని పరీక్షల్లోనూ ఒకే ఒక్క తేడా అత్తమ్మ. ఆమెకు శబ్దం వినిపించకపోవడం జరగదు, తలుపు అవతలే కదా. మరి ఎందుకు అడగదు? పైగా నెల్లూరు ఎప్పుడు పోదామని తనే తొందరపెట్టడం మొదలుపెట్టింది.

బయలుదేరాం. మురళి బండి నడుపుతున్నారు. తిండివనం దాటాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపి ఆయన దిగారు. అత్తమ్మ లోపలికి వెళ్ళి వచ్చింది. అడుగులు మామూలుగానే వినిపించాయి. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

‘‘అత్తా, ఆ సత్తం మీకు వినబడతా ఉండాది కదా? భయం లేదా?’’

ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నావైపు చూసింది. ఆ మొహంలో సిగ్గు కనిపించింది.

‘‘భయమేంది, మీ మామే కదా’’ అంది.

అప్పుడు చెప్పింది. పెళ్ళైన కొత్తలో వాళ్ళు విల్లియనూరులో వరస ఇళ్ళలో అద్దెకుండేవారు. తొమ్మిది సంసారాలకు పెరటి చివర ఒకటే మరుగుదొడ్డి, రేకు తలుపు, దానికి గడియ లేదు. ఒకసారి ఎవరో తోసుకుని రాబోతే ఆమె కేక పెట్టింది. ఆనాటి నుంచి మామయ్య ఇంట్లో ఉన్నప్పుడల్లా వెంట వచ్చేవాడు. మాట్లాడితే నలుగురూ నవ్వుతారని మాట్లాడేవాడు కాదు. తలుపు ముందు చెప్పులు టపటపలాడిస్తూ నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు నడిచేవాడు. తను అక్కడే ఉన్నట్టు ఆమెకు తెలియడానికి.

‘‘పదకొండేళ్ళు అట్లా నడిచినాడు. ఎవురికీ చెప్పలేదు నేను. మీ ఆయనకు కూడా తెలవదు.’’

నా చూపు పంపు వైపు పోయింది. నేను కోడలిగా వచ్చేసరికి మామయ్యకు సుగరు, డాక్టరు చెప్పిన బూట్లు తప్ప వేరే వేసుకునేవాడు కాదు. ఆయన్ని హవాయి చెప్పుల్లో నేను ఒక్కసారీ చూడలేదు. ఆయన పోయాక కర్మ రోజు గొడుగు, చెప్పులతో పాటు ఆయన బూట్లు కూడా దానం ఇచ్చేశాం కాబట్టి ఇంట్లో ఆయన చెప్పులంటూ ఏవీ లేవనే అనుకున్నాను. ఆ పాత చెప్పులు ఏమైనాయని అడిగాను.

‘‘ఆ నీలం పట్టీలవా? పడేయబుద్ధి కాలేదు. పసుపు సంచిలో మిషను ఎనక పెట్టిండాను.’’

నేను ఆమె చేతులు పట్టుకుని జరిగింది చెప్పేశాను. కోయించిన సంగతి కూడా. ఏడుపు ఆగలేదు. ఆమె తిట్టలేదు. పంపును మూసిన చెక్క పలక వైపు చూస్తూ కూర్చుంది.

అక్కాచెల్లెళ్ళు కలుసుకున్నారు. రెండు రోజులు ఒకే గదిలో పడుకున్నారు. పెద్దావిడ మాటలు మాకు అర్థం కాలేదు గానీ అత్తమ్మ అన్నింటికీ జవాబు చెప్పింది. బయలుదేరేటప్పుడు ఇద్దరికీ తెలుసు, మళ్ళీ చూసుకోరని. ఎవరూ ఏడవలేదు.

తిరుగు దారిలో గంటైనా కాకముందే అత్తమ్మ బండి ఆపమంది. ముందు ఒక టైర్ల షాపు ఉంది.

‘‘ఆ చెప్పు ముక్కలు తీసేయించు’’ అంది నాతో.

నాకు అర్థం కాలేదు. ‘‘ఉండనీండత్తా. మీకు ధైర్యంగా ఉంటాది కదా’’ అన్నాను.

‘‘నాకు ధైర్యమే. ఆయన మాటేంది? మిల్లులో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి, మళ్ళీ నాకోసం నిలబడేవాడు. మోకాళ్ళు నొప్పని ఒక్కనాడూ అనలేదు. పోయినాక కూడా నిలబెట్టేదా? అక్కను చూసినాను, చాలు. ఆయన్ని కూర్చోనీ.’’

మురళికి అప్పుడే అన్నీ చెప్పాను. ఆయన పలక విప్పారు. షాపులో లారీ ట్యూబు ముక్కలు తీసుకుని పంపు కింద పెట్టారు. చెప్పు ముక్కలు నాలుగూ తుడిచి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టారు.

దీన్ని ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అందదు. చెప్పులు మామయ్యవని తెలియక ముందే, ఆయన అలా నడిచేవాడని తెలియక ముందే, మురళి, నేను, కన్నయ్యన్న ముగ్గురం ఆ అడుగులు విన్నాం. పంపుకు కరెంటు లేనప్పుడు కూడా విన్నాం. రబ్బరు మార్చిన తర్వాత ఆ బండిలో అవి ఎవరికీ వినిపించలేదు. ఎవరైనా కారణం చెప్తే వినడానికి సిద్ధంగా ఉన్నాను, ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ మధ్యాహ్నం టైర్ల షాపు దగ్గరే అత్తమ్మ మళ్ళీ ఒకసారి లోపలికి వెళ్ళింది. తనే గడియ వేసుకుంది. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. పంపు శబ్దం లేదు, అడుగుల శబ్దం లేదు. నేను అంత తిరిగింది ఆ నిశ్శబ్దం కోసమే. అయినా నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి. ఆమె బయటికి వచ్చేదాకా నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు నడుస్తూనే ఉన్నాను.