ఇరవై మూడో వేలిముద్ర

నాకు వకీళ్లంటే పడదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేశాను. టికెట్టు తీసుకోమంటే చట్టం మాట్లాడిన నల్లకోట్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ బుచ్చమ్మ అంటుంది. ఉంటుంది మరి, దాచుకోవడం ఎందుకు? అలాంటి నేను ఇవాళ ఒక లాయరమ్మ గురించి రాయడానికి కూర్చున్నానంటే, ఆమె అంటించిన చురక అలాంటిది.

కిషన్‌బాగ్‌లో సర్కారు కట్టించి ఇచ్చిన ఇళ్లలో మాది మూడో బ్లాకు. ముప్ఫై రెండు ఇళ్లు, ఒకటే మెట్లదారి, ఒకటే నీళ్ల మోటారు. బ్లాకు కమిటీకి నేనే సెక్రటరీని. నన్నెవరూ ఎన్నుకోలేదు, అందరిలోకి గొంతు పెద్దది కాబట్టి అయ్యాను.

మా ఎదురింట్లో మాణిక్యమ్మ ఉంటుంది. మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చి రిటైరైన మనిషి. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్తుంది, మిగతా ఆరు రోజులూ ఎవరూ అడక్కుండానే మా మెట్లు ఊడుస్తుంది. ఆమెతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా కొడుకు డానియేలుతో. ఆటో నడుపుతాడు. పెళ్లాం జ్వరంతో పోయిన దగ్గర్నుంచి తాగుడు మొదలుపెట్టాడు. పొద్దు వాలితే చాలు, మెట్ల మీద కూర్చుని దారిన పోయేవాళ్లందరినీ బూతులు తిట్టేవాడు. ఒకరోజు కర్రతో మోటారు స్విచ్చు డబ్బా పగలగొట్టాడు. రెండు రోజులు బ్లాకంతా బిందెలు పట్టుకుని పక్క బ్లాకు వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాం. మా మనవరాలు కీర్తిప్రియ చెవుల్లో దూది పెట్టుకుని పదో తరగతి పరీక్షలకు చదువుకుంది. ఆ పిల్లను అలా చూస్తే ఒళ్లు మండిపోయింది. ఆ ఇంటి కేటాయింపు రద్దు చేయండని హౌసింగు ఆఫీసుకు అర్జీ రాశాను.

అర్జీ అన్నాక సంతకాలు కావాలి. మా దగ్గర అదొక రివాజు. నీళ్లు రాకపోయినా, డ్రైనేజీ పొంగినా సంతకాల కాగితం గడపగడపకూ తిరుగుతుంది. ఎందుకని అడిగేవాడుండడు. పొయ్యి మీది కూర దించకుండానే సంతకం పెట్టి ఇచ్చేస్తారు. దానికి రెండు నెలల ముందు కొత్త మోటారు కోసం నేనే అలా ఒక కాగితం తిప్పాను. పైన ఏమీ రాసిలేదు, వరుస నంబర్లు, పేర్లు, సంతకాలు, అంతే. ఈలోగా పాత మోటారే బాగుపడటంతో ఆ కాగితం నా ఫైల్లో ఉండిపోయింది. మళ్లీ ముప్ఫై రెండు గడపలు ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. అందరి బాధా అదే కదా అనుకుని దాన్నే అర్జీ వెనక పిన్ను కొట్టేశాను. తప్పనిపించలేదా అంటే, దేవుడి తోడు, ఆ నిమిషానికి అనిపించలేదు.

నెల తిరక్కుండా మాణిక్యమ్మ పేరున నోటీసు వచ్చింది. ఇల్లు ఎందుకు వెనక్కి తీసుకోకూడదో శుక్రవారం విచారణకు వచ్చి చెప్పుకోవాలని అందులో ఉంది. ఆ నోటీసును మాణిక్యమ్మ ఒక లాయరమ్మకు చూపించిందట, అదే వారం ఆమె మా తలుపు కొట్టింది.

పేరు మహేశ్వరి. నలభై దాటి ఉంటాయి. హుస్సేనీ ఆలంలో ఒక దర్జీ దుకాణం మీది గది ఆమె ఆఫీసు. సర్కారు ఇళ్ల గొడవలు, ఇరుగుపొరుగు తగాదాలు, ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసులు, ఇవే ఆమెకు వచ్చే కేసులు. నల్లకోటు లేదు. చెప్పులు బయటే విడిచి గుమ్మంలో నిలబడింది.

"మీరు ఆమె తరఫు వకీలు గదా, మా ఇంట్ల మీకేం పని?" అని గర్జించాను.

"జర మంచినీళ్లు ఇప్పిస్తరా బాపు? మూడంతస్తులు ఎక్కి వచ్చిన."

నీళ్లడిగితే కాదనలేం కదా. బుచ్చమ్మ నీళ్లిచ్చి, నేను కళ్లురుముతున్నా పట్టించుకోకుండా చాయ్ కూడా పెట్టింది. లాయరమ్మ నోటుబుక్కు తీసింది. డానియేలు చేసిన లొల్లంతా చెప్పమంది. చెప్పాను. బూతులు, స్విచ్చు డబ్బా, పిల్ల చెవుల్లో దూది, అన్నీ రాసుకుంది. "ఇంకా?" అంది. ఇంకా చెప్పాను. మళ్లీ "ఇంకా?" అంది. చివరికి చెప్పడానికి నా దగ్గరే ఏమీ మిగల్లేదు.

"మీరు చెప్పిన దాంట్ల ఒక్కటి గూడ అబద్ధం లేదు బాపు. ఆఫీసర్ ముందట నేను గూడ గట్లనే చెప్త" అంది. ఎదుటి పక్షం వకీలే నా మాట నిజమంటోంది!

అప్పుడు సంచిలోంచి ఆ సంతకాల కాగితం జిరాక్సు తీసి నా ముందు పెట్టింది. "ఇరవై మూడో నంబరు చూడున్రి."

చూశాను. ఒక వేలిముద్ర. పక్కనే నా చేతిరాతతో 'మాణిక్యమ్మ' అని ఉంది. ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టమని ఆమె చేతే వేలిముద్ర వేయించాను! తల కొట్టేసినట్టయింది.

"ఆమెకు చూపెట్టిన. ఏమన్నదో ఎర్కేనా?" అంది మహేశ్వరి. "'ఏలుముద్ర ఏసినంక మాట ఇచ్చినట్టే గదమ్మా. నర్సింగన్న తెచ్చిన కాయితం, మంచికే తెచ్చి ఉంటడు. మేం పోతం' అన్నది. మూటలు గట్టుకుంటున్నది. జవాబు రాద్దామంటే నన్ను రాయనిస్తలేదు."

"నా మీద కేసు పెడ్తరా?" అన్నాను.

"పెట్టొచ్చు. నలుగురి ముందట ఈ కాయితం ఎత్తి చూపిస్తే మీ ఇజ్జత్ ఆడ్నే పోతది. కానీ తెల్లారి మీరు, ఆమె గివే మెట్లు ఎక్కాలె గదా. ఆర్డరు ఫైల్ల పడి ఉంటది. మెట్ల మీద ఎదురువడేది మీరిద్దరే."

చాయ్ తాగుతూ తన సంగతి తనే చెప్పింది. పుట్టింది ఛత్రినాకలో. తండ్రి ఆగయ్యకు పన్నెండు బర్రెలు, పాల వ్యాపారం. పేడ కంపు కొడుతోందని వాడకట్టు వాళ్లు అర్జీ పెట్టారు. "కంపు నిజమే. నోటీసొస్తే మా బాపుకు సదువు రాక పాల క్యాను కింద పెట్టిండు. మూడో తరగతి పిల్లను, నేనే సదివిన. అప్పటికే తారీఖు దాటిపోయింది. మున్సిపాలిటోళ్లు బర్రెల్ని తోల్కపోయినంక మా బాపు మస్తు రోజులు ఖాళీ కొట్టంల కూసునేది." ఆ మాట చెప్పి గ్లాసు తనే వంటింట్లో పెట్టి వచ్చింది. "శుక్రారం మీరు రాకున్నా నేను మాట్లాడ్త. వస్తే మాత్రం మీరే చెప్పున్రి" అని వెళ్లిపోయింది.

రెండు రోజులు ముద్ద దిగలేదు. నేను మంచికే తెచ్చి ఉంటానట! తిట్టినా బాగుండేది. నా వాలకం చూసి బుచ్చమ్మ, "ఏంది కండక్టర్ సాబ్, గట్ల కూసున్నవ్? తప్పు టికెట్ కొడ్తే చింపేసి కొత్తది ఇస్తుంటివి గదా. గిది గూడ గంతే" అంది. అంత తేలిక కాదని దానికీ తెలుసు.

గురువారం పొద్దున ఎదురింటికి వెళ్లాను. నడింట్లో మూడు మూటలు. గోడ మీది సిలువ దింపేశారు, మేకు మాత్రం మిగిలింది. డానియేలు మూల కూర్చుని తలెత్తలేదు. మాణిక్యమ్మ నాకు పీట వేసి, "అన్నా, మెట్ల చీపురు మీ గుమ్మం కాడ పెట్టి పోత. రెండో అంతస్తుల దుమ్ము మస్తు పడ్తది, జర చూసుకోన్రి" అంది. ఏడుపు ఆగలేదు. అరవై ఆరేళ్ల మగాణ్ని, వాళ్లింట్లో పీట మీద కూర్చుని ఏడ్చాను.

శుక్రవారం ఆఫీసరు ముందు లేచి నిలబడ్డాను. "ఈ సంతకాలు మోటారు కోసం తీసుకున్నయి సార్. గీ అర్జీకి పెట్టింది నేను. తప్పు నాది" అన్నాను. ఆయన తిట్టినంతసేపూ నిలబడే ఉన్నాను.

ఇక అర్జీ కొట్టేయమని లాయరమ్మ అడుగుతుందనుకున్నా. అడగలేదు! నోటుబుక్కు తెరిచి నేను చెప్పిన లొల్లంతా, చెవుల్లో దూదితో సహా చదివింది. ఆ తర్వాత, "తప్పు కొడుకుది, ఇల్లు తల్లిది సార్. ఆరు నెలలు టైమియ్యిన్రి" అంది. తాగుడు మాన్పించే సర్కారు దవాఖానకు వెళ్తానని, స్విచ్చు డబ్బా తనే బిగిస్తానని డానియేలు రాసిచ్చాడు. ఆఫీసరు నోటీసును ఆరు నెలలు పక్కన పెట్టాడు. గడువు తీరాక కేసు మూసేశాడు.

డానియేలు పూర్తిగా మారిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. దసరాకు తాగి వచ్చాడు. కానీ అరవలేదు. పొద్దున మా గుమ్మం ముందుకొచ్చి, "తప్పయింది కాకా" అన్నాడు. నేను లాయరమ్మకు ఫోను చేస్తే మధ్యాహ్నానికల్లా వచ్చింది. కేసు ఎప్పుడో అయిపోయింది, ఆమె రావాల్సిన పనే లేదు. మెట్ల మీద అతని పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడి, మళ్లీ దవాఖానకు పంపింది. నాతో కూడా ఒక మాట అంది: "మీరు గూడ జర గొంతు తగ్గించున్రి బాపు." సరేనన్నాను. నా నోట సరే అన్న మాట విని బుచ్చమ్మ పడీపడీ నవ్వింది.

పోయిన నెల డ్రైనేజీ కోసం మళ్లీ కాగితం తిప్పాను. ఈసారి పైన విషయమంతా రాశాను. ముప్ఫై రెండు గడపలూ ఎక్కి, ప్రతి గడపలో చదివి వినిపించాకే సంతకం తీసుకున్నాను. మాణిక్యమ్మ మెట్లు ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు గోడకానించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని బొటనవేలు చాపింది.

"ఆగు మాణిక్యమ్మా, సదివి చెప్త."

"సదువుడెందుకన్నా? నువ్వు తెచ్చినవంటే మంచికే తెచ్చినవ్."

ఇంకు డబ్బా వెనక్కి లాక్కుని చదవడం మొదలుపెట్టాను. చివరి లైను దాకా చదివాను. ఆమె వేలు చాపి అలాగే నిలబడి ఉంది.