చెరువు మన్ను తోలిన కారు

మా ఇంట్లో కారు ఉండేదని చెబితే మనవలు నవ్వుతారు. ఉండేది అనడం కూడా సరికాదు. పశువుల కొట్టం ముందర వేపచెట్టు నీడలో రెండేండ్లకు పైగా నిలబడింది, అంతే. దాన్ని తుడిచింది మేము, దానికి నీళ్లు పోసింది మేము, దానికోసం ఒకరి మీద ఒకరం మూతి ముడుచుకున్నదీ మేమే. కారు మాత్రం వేరేవాళ్లది. ఆ సంగతి మా మామకు తప్ప ఊళ్లో అందరికీ తెలుసు.

కమలాపురం దగ్గర ఆ పల్లెకు నేను కోడలిగా వచ్చేనాటికి మా ఆయన లారీ డ్రైవరు. బళ్లారి నుంచి మద్రాసు దాకా ఎవరి సరుకో తోలుకుంటూ తిరిగేవాడు. నెలకో రెండు నెలలకో ఇంటికి వచ్చేవాడు. వచ్చిన రోజంతా నిద్ర, మర్నాడు ప్రయాణం. పెళ్లయిన కొత్తలో మొగుడి మొహం కంటే మొగుడి మాసిన చొక్కాలే నాకు ఎక్కువ పరిచయం. అత్త నేను రాకముందే పోయింది. ఇంట్లో నేనూ, మా మామా. ఆయన మంచివాడే, కానీ ఆ రోజుల్లో మామతో కోడలు నేరుగా మాట్లాడేది కాదు. సంగటి పెట్టానని తలుపు చాటున నిలబడి గోడకు చెప్పేదాన్ని. ఆయన కూడా ఉప్పు తక్కువయిందని గోడకే చెప్పేవాడు. అట్లా గోడతో కాపురం చేశాను కొన్నాళ్లు.

అందుకే మా ఆయన లారీ మానేసి, కారు ఒకటి పెట్టుకుని ఈడనే బాడుగకు తోలుకుంటానని అన్న రోజు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. మా చుట్టుపక్కల ఊళ్లకు బస్సు సరిగా లేదు. కాన్పు కష్టమైనా, కోర్టు వాయిదా ఉన్నా, పెళ్లికొడుకును తీసుకురావాలన్నా జనం ఎద్దులబండి కట్టుకునేవాళ్లు. కారు ఉంటే గిరాకీ ఉంటుంది. పొద్దు గూకేసరికి మనిషి ఇంటికొస్తాడు. నాకు కావలసింది ఆ చివరి మాట ఒక్కటే.

కారు సంపాదించడానికి రెండు దారులు కనిపించాయి. కడపలో ఒక డాక్టరు బదిలీ మీద పోతూ తన పాత కారు అమ్మేస్తున్నాడు. దుడ్లు ఇవ్వడానికి ఒక సావుకారు సిద్ధంగానే ఉన్నాడు. తాకట్టు ఏమీ అక్కర్లేదు, నోటు రాసిస్తే చాలు, కాకపోతే కొడుకు ఊళ్లో నిలవని లారీ డ్రైవరు కాబట్టి తండ్రి పూచీ పడాలి. ఇక రెండో దారి మా ఆసామి. మా మామ గుత్తకు, అంటే కౌలుకు, చేసే చేను ఆయనదే. ఆయన ఇంట్లో ఒక నల్ల కారు డ్రైవరు లేక కొట్టంలో పడి ఉంది. నెలకింత అని గుత్త కట్టి తోలుకోండి, చిన్నాచితకా ఖర్చు మీదే అని కబురు పంపాడు.

ఆ మధ్యాహ్నం తండ్రీ కొడుకులు అన్నం ముందు కూర్చుని తేల్చుకున్నారు. నేను ఊరుబిండి పచ్చడి వడ్డిస్తూ వింటున్నాను. అప్పు తీరినాక కారు మనదవుతుందని, గుత్త కారు ఎన్నేండ్లు తోలినా వాళ్లదేనని మా ఆయన వాదన. అది నాకూ సబబుగానే తోచింది. మా మామ ముద్ద నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. మామ వాళ్ల నాయన ఎవరికో పూచీ పడి సొంత భూమి పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచే వీళ్లది గుత్త బతుకు.

"అప్పు చేస్తే వాన పడినా పడకున్నా వడ్డీ పడ్తాది," అన్నాడు చివరికి. "గుత్త అట్ల గాదు రా. ఆసామి మనిషి. పంట ఎండితే వచ్చి సూస్తాడు. సూసినాక తగ్గిస్తాడు. నోటుకు కండ్లు ఉంటాయా?"

నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏ దారిన వచ్చినా సరే, కారు రానీ అనేదాన్ని. మర్నాడు వాళ్లిద్దరూ ఆసామి ఇంటికి వెళ్లి ఆకూ వక్కా చేతిలో పెట్టి వచ్చారు. చేను గుత్తకూ అంతే, కాగితం ఉండేది కాదు. సాయంత్రానికి నల్ల కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి మా వేపచెట్టు కింద ఆగింది. మా మామ దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఏరువాకకు ఎద్దుల మెడలో వేసే గంటల పట్టీ తెచ్చి ముందు భాగానికి కట్టాడు. అది గతుకుల్లో గలగలమంటుంటే మా ఆయన సిగ్గుపడి ఊరి పొలిమేర దాటగానే విప్పి లోపల పెట్టుకునేవాడు, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ కట్టుకునేవాడు.

మొదటి ఏడాది నా జీవితంలో మంచి ఏడాది. ఇందులో దాచేదేమీ లేదు. కడప ఆసుపత్రికి రోగులు, కోర్టుకు దాయాదులు, మామిడికాయల కాలంలో బనగానపల్లెకు వ్యాపారులు, ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండేవాళ్లు. ఒకరోజు వ్యాపారి ఇచ్చిన పండ్లు ఒళ్లంతా వాసనేస్తూ తెచ్చాడు మా ఆయన. పొద్దు వాలుతుండగా దూరంగా ఇంజను చప్పుడు వినబడేది. నేను సంగటి కెలకడం ఆపి చెవి పెట్టేదాన్ని. మామ ఎదుట నవ్వు దాచుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

రెండో ఏడు వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తున మాడిపోయింది. పంట లేకపోతే పెళ్లిళ్లు ఉండవు, దావాలు కూడా వాయిదా వేసుకుంటారు, రోగం వచ్చినా పసరు మందుతో సరిపెట్టుకుంటారు. కారు వేపచెట్టు కింద ఆకులు రాలించుకుంటూ నిలబడింది. గుత్త మాత్రం నెలనెలా వచ్చి కూర్చునేది. అప్పుడు మా మామ చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎండిన చేను చూసి పొమ్మని ఎట్లా పిలుస్తారో, సరిగ్గా అట్లాగే ఆసామిని కారు చూసి పొమ్మని పిలిచాడు.

ఆసామి వచ్చాడు. మా మామ పైపంచె నడుముకు చుట్టుకుని, ఎండిన కంకి విరిచి చూపినట్టు, కారు తలుపు తెరిచి ఖాళీ సీటు చూపించాడు. చక్రాల కింద మొలిచిన గడ్డి చూపించాడు. దుమ్ము మీద వేలితో గీత గీసి చూపించాడు. ఆసామి ముందు అర్థం కాక చూశాడు, తర్వాత పగలబడి నవ్వాడు. చెడ్డవాడు కాదాయన. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, సరే పెద్దాయనా, ఈసారికి సగం ఇవ్వు అన్నాడు.

ఆ నవ్వు మా కొంప ముంచింది. ఆయన సరదాగా వదిలేశాడని మా ఆయనకు తెలుసు, నాకు తెలుసు. మా మామ మాత్రం, చూశారా, గుత్త మర్యాద కారుకూ ఉండాది అని పొంగిపోయాడు. వారం రోజులు గోడతో కూడా అదే మాట చెప్పాడు.

మళ్లీ వానలు పడి గిరాకీ మొదలయ్యేసరికి కారు పని అయిపోయింది. మా దారులన్నీ నాపరాళ్లు, టైర్లు చీలికలు పేలికలయ్యాయి. ఇంజను పొగ కక్కుతోంది. పాత టైర్లకే అతుకులు వేసుకుని నెట్టుకొద్దాం, పెద్ద ఖర్చు ఆసామినే పెట్టుకోమందాం అన్నాడు మా ఆయన. మా మామ ఒప్పుకోలేదు. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. గుత్తదారు తన ఖర్చుతో చేనుకు చెరువు మన్ను తోలాడంటే, ఆ బలం పంటలో తిరిగొచ్చే దాకా, కనీసం మూడు పంటల వరకు, ఆసామి అతన్ని ఆ చేనులోంచి లేపడు. ఎవరూ రాసి పెట్టలేదు, అయినా ఎవరూ తప్పేవాళ్లు కాదు. కారుకూ మా మామ లెక్క అదే. టైర్లు వేయిద్దాం, ఇంజను బాగు చేయిద్దాం, సీట్లకు కొత్త గుడ్డ కుట్టిద్దాం, ఆ తర్వాత మనల్ని లేపేదెవరు?

దుడ్లు ఎక్కడివి అంటే, పూచీ పడనని ముద్ద పట్టుకుని కూర్చున్న మనిషే కడపకు పోయి, ఆ సావుకారుకే నోటు రాసిచ్చి వచ్చాడు. కారు కొనడానికి చేయని అప్పు, ఇంకొకరి కారును బాగు చేయడానికి చేశాడు. మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. నాయన మాట కాదనడం ఆయనకు చేతకాదు, నాకు అసలు నోరే లేదు. పళ్లు నూరుకుంటూ గిన్నెలు తోముకున్నాను.

కొత్త టైర్లతో కారు పెండ్లికొడుకులా తయారైంది. తీసేసిన పాత టైర్లు కొట్టంలో ఓ మూల వేశాం. మా మామ అందులో ఒకదాన్ని కోయించి చెప్పులు కుట్టించుకున్నాడు. అప్పటిదాకా ఆయన చెప్పులు తొడిగింది పెండ్లిళ్లకే. ఆ టైరు చెప్పులు టపటపలాడించుకుంటూ చేనికి పోయి వస్తుంటే నడకే మారిపోయింది.

వేసవి రాగానే ఆసామి కొడుకు మద్రాసులో చదువు ముగించుకుని వచ్చాడు. ఒకనాడు మా ఆయన ఆసామి ఇంటివాళ్లను ఏదో శుభకార్యానికి తీసుకుపోయాడు. కొడుకు ముందు సీట్లో కూర్చుని ఇంజను చప్పుడు విని ముచ్చటపడ్డాడట. నెల తిరగకుండానే ఆసామి మా వాకిట్లోకి వచ్చాడు, వెంట ఒక కొత్త డ్రైవరు. పిల్లవాడు కారు కావాలంటాండాడు, ఈ నెలతో గుత్త చాలించుకుందాం అని నిదానంగానే చెప్పాడు.

నేను తలుపు చాటున ఉన్నాను. మా ఆయన చేతిలో నూనె గుడ్డ ఉంది. మా మామ మాత్రం బెదరలేదు. ఆసామి ఏదో మరిచిపోయాడు, గుర్తు చేస్తే సరిపోతుంది అన్నట్టు మెత్తగా అడిగాడు.

"మన్ను తోలినాం గదయ్యా. మూడు పంటల దాకా లేపేది లేదు గదా."

ఈసారి ఆసామి నవ్వలేదు. నవ్వినా బాగుండేదేమో. మా మామ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ చేను నేనెప్పుడన్నా ముట్టుకున్నానా పెద్దాయనా? భూమికి ఆ మాట ఉండాది. కారుకు యాడుండాది?"

మా మామ కొడుకు వైపు చూశాడు. కొడుకు నేల చూశాడు. నేను చెప్పగలిగితే చెప్పేదాన్ని, టైర్ల దుడ్లన్నా ఇచ్చి తీసుకుపొమ్మని. ఆ మాట నాలుక దాకా వచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ అడిగే పని మా ఆయన చేశాడు, సగం గొంతుతో. చిన్నాచితకా ఖర్చే మీది అనుకున్నాం, పెద్దది నన్ను అడక్కుండా పెట్టుకుంటిరి గదప్పా అన్నాడు ఆసామి. అదీ నిజమే. ఎక్కడా అబద్ధం లేదు, ఎవరూ మోసం చేయలేదు, అయినా మేము మునిగిపోయాం. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

మా ఆయన సీటు కింద నుంచి గంటల పట్టీ తీసుకుని, ఇంజను తిప్పే హ్యాండిలు కొత్త డ్రైవరు చేతికిచ్చాడు. వారానికల్లా మళ్లీ లారీ ఎక్కాడు. ఇప్పుడు నోటుకు వడ్డీ కట్టాలి కాబట్టి ఇంకా దూరాలకు పోయేవాడు, ఇంకా ఆలస్యంగా వచ్చేవాడు. పొద్దు వాలుతుండగా రోడ్డు మీద ఆ నల్ల కారు చప్పుడు అప్పుడప్పుడు వినబడేది. ఏ ఇంజనో తెలిసి కూడా నా చేతిలో సంగటి తెడ్డు ఆగిపోయేది.

కొన్నాళ్లకు ఆసామి దగ్గర పనిచేసే మనిషి ఎద్దులబండి తోలుకుని వచ్చాడు. పాత టైర్లు కూడా అయ్యవేనట, బావి మోటకు ఏదో పనికొస్తాయి, తెమ్మన్నాడట. మా మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొట్టం వైపు చెయ్యి చూపించాడు. ఆ మనిషి ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి బండిలో వేశాడు. మూడే ఉన్నాయి. నాలుగోది ఏదని అడగబోయి, మా మామ కాళ్ల వైపు చూసి ఆగిపోయాడు.

మా మామ వంగి చెప్పులు విడిచాడు. రెండూ ఒకదానితో ఒకటి కొట్టి దుమ్ము దులిపాడు. లేచి వెళ్లి బండిలో టైర్ల మీద పెట్టాడు.

ఆ మనిషి చెప్పులు తీసి తిరిగి ఇవ్వబోయాడు. వద్దు పెద్దాయనా, నేనేం చెప్పనులే అని బతిమాలాడు.

"గుత్త సొత్తు అప్పా," అన్నాడు మా మామ. "వాళ్లది వాళ్లకు పోవల్ల."

బండి కదిలింది. మిట్టమధ్యాహ్నం, వాకిట్లో పరిచిన నల్ల బండలు పెనంలా కాలుతున్నాయి. ఆయన వట్టికాళ్లతో వాటి మీదే నిలబడ్డాడు. నేను తలుపు చాటు విడిచి బయటికి వచ్చాను. కాపురానికి వచ్చాక మొదటిసారి ఆయన మొహం చూసి మాట్లాడాను, బండలు కాలుతాండాయి, నీడకు రా మామా అని.

ఆయన నా వైపు తిరగలేదు. గోడకే చెప్పాడు.

"అబ్బోనికి ఈ మాట చెప్పొద్దు."

మా ఆయనకు చెప్పలేదు. ఆయన పార భుజాన వేసుకుని వట్టికాళ్లతో చేని దారి పట్టాడు. ఆ ఏడు మా మామ ఆసామి చేనుకు మళ్లీ చెరువు మన్ను తోలించాడు.