కొత్తపట్నం ఒడ్డున అమ్మ గొంతు

ఒంగోలు బస్టాండు గోడకి ఇద్దరు కుర్రాళ్లు పోస్టరు అంటిస్తుంటే, బకెట్లోంచి ఉడికించిన మైదా జిగురు వాసన నా దాకా వచ్చింది. కొత్తపట్నం సముద్రపు ఒడ్డున గాలిపటాల పండగట, వచ్చే ఆదివారమట. పొద్దుటినుంచీ బడిలో పాఠాలు చెప్పి కాళ్లు లాగేస్తున్నాయి. అయినా ఎక్కాల్సిన బస్సు వదిలేసి ఆ గోడ ముందు నిలబడిపోయాను. చిన్నప్పుడు మా సుబ్బారావు మామయ్య ఇంటి వసారా అంతా అదే వాసన వేసేది.

మాది నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి ఊరు. మాఘమాసం వచ్చిందంటే మిరప కోతలు, కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు, ఇంటిల్లిపాదికీ తుమ్ములు, సాయంత్రమయ్యేసరికి మండే చేతులకి పెరుగు రాసుకుంటూ అరుగు మీద కూలబడే ఆడవాళ్లు. ఆ కోతల మధ్యే ఒక ఆదివారం అమ్మ పుట్టిల్లు కొత్తపట్నంలో గాలిపటాల పందేలు జరిగేవి. ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిచి, పైన దుప్పటి వేసి, పులిహోర గిన్నె మధ్యలో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరేవాళ్లం. సరుగుడు తోటలు కనపడగానే గాలి ఉప్పగా తగిలేది. మామయ్య మాకోసం కాల్చిన తేగలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు సిద్ధంగా ఉంచేవాడు. వసారాలో వెదురు పుల్లలు, రంగు కాగితాలు, పాలడబ్బాకి చుట్టిన గాజుపొడి దారం.

నేను నాలుగో తరగతి చదివే ఏడు మాత్రం ఆ ప్రయాణం వేరు. వానాకాలంలో మా చెల్లి జ్వరంతో చనిపోయింది. దానికింకా నడక రాలేదు. అమ్మ ఏడవలేదు, మాట్లాడటం కూడా మానేసింది. వంట చేసేది, నాకు జడ వేసేది, కాయ కోతకి వెళ్లేది, ఏమడిగినా తలూపేది. నాన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు, గుడికి తీసుకెళ్లాడు. ఇక ఏం చెయ్యాలో తోచక, కోతలు ఆపి మరీ ఆమెని పుట్టింటికి తీసుకొచ్చాడు.

పందేల రోజు మధ్యాహ్నం దాటాక గాలి మళ్లి సముద్రం మీదనుంచి వీచసాగింది. అందరూ నీళ్లకి వీపు పెట్టి నిలబడితే పటాలు సరుగుడు తోటల మీదికి లేచాయి. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని ఇసుకలో కూర్చుంది. ఒక్కొక్కటే తెగిపోగా, చివరికి మామయ్య పసుపు పటం, వలలేసే వెంకటేశు ఎర్ర పటం మిగిలాయి. అప్పుడే దారం కోసుకుని మామయ్య వేలు చీరుకుపోయింది. డబ్బా నాన్న చేతిలో పెట్టి, వేలికి తువ్వాలు చుట్టుకుంటూ పక్కకి తప్పుకున్నాడు. మిరపచేలో పుట్టి పెరిగిన నాన్నకి పటం సంగతేం తెలుసు? భయపడి లాగటం మొదలుపెట్టాడు. పటం తలకిందులై తోట మీదికి దిగిపోతోంది.

"లాగమాకండి. దారం వదలండి."

ఎవరన్నారో నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ లేచి వస్తోంది.

"వదలమంటంటే లాగుతారేంటి? ఇటివ్వండి."

నాన్న డబ్బా ఇచ్చేశాడు. అన్నదమ్ముల మధ్య పెరిగిన ఆమెకి ఆ దారం కొత్త కాదు. కొంగు నడుముకి దోపి, చాలాసేపు దారం వదిలి, పసుపు పటాన్ని ఎర్రదాని కిందికి జార్చి, ఒక్కసారి సర్రున లాగింది. ఎర్ర పటం ఊగుతూ తోటల అవతలికి పోయింది. మిగిలిన దారం చుట్టుకుంటూ వచ్చిన వెంకటేశు ఒప్పుకోలేదు.

"నువ్వు కోయలేదమ్మా, నా ముడే ఊడిపోయింది."

"ముడి ఊడితే దారం కొస ఇంత నున్నగా ఎట్టా ఉంటది? కళ్లు కనపడటంలా నీకు?"

జనం చుట్టూ మూగారు. అమ్మ గొంతు సముద్రం హోరుని మించిపోయింది. మామయ్య కంగారుగా, "అక్కా, ఇంక ఊరుకో" అంటూ అడ్డం వెళ్లబోతే నాన్న అతని భుజం పట్టి ఆపాడు.

"పోట్లాడనీరా. ఎన్నాళ్లయిందో ఆ గొంతు విని."

తిరుగు ప్రయాణంలో, ట్రాక్టరు ఊరు దాటగానే అమ్మ చెల్లి పేరు పెట్టి ఏడవటం మొదలుపెట్టింది. గడ్డిలో మొహం దాచుకుని, ఊపిరి తిరగనంతగా ఏడ్చింది. డ్రైవరు ఆపబోతే నాన్న వద్దని చెయ్యి ఊపి, అమ్మ వీపు మీద ఆ చెయ్యి అట్లాగే ఉంచాడు. మర్నాడు కల్లానికి వెళ్తూ, తల దువ్వుకోలేదని నన్ను తిట్టింది. ఆ తిట్లు వింటూ నేను బడికి ఆలస్యంగా వెళ్లాను.

పోస్టరులో వేసిన ఆదివారం, ఒంట్లో ఓపిక లేకపోయినా కొత్తపట్నం వెళ్లాను. ఒడ్డున స్టేజీ, చెవులు పగిలే పాటలు, చేపల్లా పాముల్లా ఎగిరే ప్లాస్టిక్కు పటాలు. సరుగుడు తోటలున్న చోట రొయ్యల చెరువులు. మామయ్య పోయాక ఆ ఇల్లు ఎవరో కొని పడగొట్టారు. అమ్మా నాన్నా కూడా ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఎండకి తల తిరిగినట్టయి, చీకటి పడకముందే బస్సెక్కాను. ఖాళీ చేపల గంప ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఎవరమ్మాయివమ్మా?" అని అడిగింది. సుబ్బారావు మామయ్య పేరు చెప్పాను, ఇంటి గుర్తులు చెప్పాను, చివరికి అమ్మ పేరు కూడా చెప్పాను. ఆమె గంప కాళ్ల దగ్గరికి దించింది.

"తెలవటం లేదమ్మా" అని, నేను కూర్చోటానికి కాస్త పక్కకి జరిగింది.