మిల్లు ముందర ఎర్ర కారు

అరవైల్లో నేను అనంతపురం నుంచి ముదిగుబ్బకు బస్సు నడిపేవాణ్ణి. దారిలోని నూనె మిల్లు డ్రైవరును చూస్తే నాకు కడుపు మండేది. రోజూ పొద్దున అతను యజమాని తెప్పించిన ఎర్రటి ఇటలీ కారులో కూర్చుని ఇంజను ఆడిస్తుండేవాడు. చెప్పులు విప్పనిదే దాన్ని ముట్టుకునేవాడు కాదు. నా బస్సులోని జనమంతా అటువైపుకే ఒరిగేవాళ్ళు.

ఒకనాడు రేడియేటరు మరిగిపోయి, నీళ్ళకోసం మిల్లులోకి పోయాను.

"కార్ల పందేల కోసమే పుట్టిన కంపెనీ అన్నా ఇది. ఆడ గెలిచినంకనే ఇట్లాంటివి అమ్మడానికి చేసినారంట," అన్నాడు ఆ డ్రైవరు కారును చూపిస్తూ గర్వంగా.

"ఎంత స్పీడు పోతాదప్పా?"

"నాకేం తెలుసన్నా? సావుకారే నడుపుతాడు. నన్ను గేటు దాటనీడు. పొద్దున్నే ఇంజను వేడి చేసేదే నా పని. రా, కూచో."

పక్కన కూర్చున్నాను. అతను తాళం తిప్పగానే ఆ మోత సీట్లోంచి నా గుండెల్లోకి పాకింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. కాసేపటికి ఆపేశాడు.

అతని మీద జాలిపడాల్సింది. కానీ నలభైమందితో బస్సు కదిలించేటప్పుడు కూడా నాకు అసూయే. రేపు పొద్దున ఆ మోత వినేది అతనే కదా!