మాస్టారి మనవరాలి సీటు

జూన్ నెల, రెండో ఆదివారం. భోజనాలయ్యాక, మా ఇంటి ముందు వసారాలో. హాజరైనవారు: నేను, నా భార్య, బ్యాంకులో పనిచేసే మా అబ్బాయి, మా కోడలు, హైస్కూల్లో లెక్కలు చెప్పే మా అమ్మాయి, ఎవరి గురించి కూర్చున్నామో ఆ మనవరాలు, అంటే మా అబ్బాయి కూతురు. మబ్బు పట్టి ఉంది. వాన లేదు. ఉక్క.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. మాస్టరు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇదే అలవాటు. ముందు ఎవరెవరున్నారో రాసుకుంటాను, తరువాత ఎవరేమన్నారో రాస్తాను. ఆ ఆదివారం మాత్రం పేర్లు రాసి పెన్ను మూసేశాను. కుదురుగా కూర్చోలేకపోయాను. గేటు దాకా వెళ్ళడం, రాజోలు రోడ్డు వైపు చూడడం, మళ్ళీ వచ్చి కుర్చీలో కూలబడడం.

"ఏవండీ, ఆ గేటేమీ పారిపోదు. ఓ చోట కూర్చోండి" అంది నా భార్య.

విషయం ఇది. మనవరాలు అమలాపురంలో డిగ్రీ పూర్తి చేసింది. ఎం.బి.ఎ. చదువుతానంది. రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మాకు దగ్గర్లోనే ఉన్న చిన్న ప్రైవేటు విశ్వవిద్యాలయం. రెండోది దూరాన ఉన్న పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయం. దేనిలో చేరినా మర్నాడే, సోమవారం నాడు, సర్టిఫికెట్లు తీసుకుని అక్కడ ఉండాలి. అంటే ఆ సాయంత్రానికి తేలిపోవాలి.

మా ఇంట్లో మూడు తరాలుగా అందరివీ నెలజీతాలే. మా నాన్నగారు మిషన్ బడిలో పంతులు, నేను మాస్టర్ని, అబ్బాయి బ్యాంకు, అమ్మాయి స్కూలు. వ్యాపారం అన్న మాట ఎత్తింది ఈ పిల్లే. డిగ్రీ చదువుతుండగానే అంతర్వేది నుంచి ఎండు రొయ్యలు తెప్పించి, తలలూ తోకలూ తీసి, వేయించి, కారప్పొడి కొట్టి పొట్లాలు కట్టి అమ్మేది. బాగానే అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళలో సగం మంది మా చర్చివాళ్ళు, మిగతా సగం వాళ్ళ అత్త స్కూలు టీచర్లు.

రెండు చోట్లకీ ముందే వెళ్ళి చూసి వచ్చాం, నేనూ తనూ. చిన్నచోట అడ్మిషన్లు చూసే పెద్దమనిషి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. మా ఆటో గేటు దగ్గర ఆగేసరికే ఎదురొచ్చాడు. తన కుర్చీ నాకు వేశాడు. "మా మాస్టారండీ, ఈయన లేకపోతే నేను లేనండీ" అని గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. తరగతి గదులు చూపించాడు. క్లాసుకి కొద్దిమందే పిల్లలు, ప్రతి పిల్లనీ పేరుపెట్టి పిలిచే లెక్చరర్లు, కంపెనీలకు పంపించి పని నేర్పించే ఏర్పాటు. అన్నీ నిజంగానే బాగున్నాయి. చల్లని గదిలో చేపల పులుసుతో భోజనం పెట్టించాడు. "అమ్మాయి సీటు సోమవారం పొద్దున్న దాకా ఎవరికీ ఇవ్వనండి. మీరు ఊఁ అనండి, చాలు" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు నేను దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను. పిల్ల బస్సు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పెద్దచోట ఎవరూ ఎదురు రాలేదు. ఏ భవనంలోకి వెళ్ళాలో తెలుసుకోవడానికే ఎండలో చాలాసేపు తిరిగాం. ఆఫీసు కిటికీ దగ్గర నేను నోరు తెరవబోతే లోపలి గుమస్తా "తాతగారూ, మీరలా నీడన కూర్చోండి, కేండిడేటుని మాట్లాడనివ్వండి" అన్నాడు. కూర్చున్నాను. నోటీసు బోర్డు దగ్గర నిలబడ్డ సీనియర్లని పిల్ల ఏవేవో అడిగింది. లెక్చరర్ల పోస్టులు కొన్ని ఖాళీగా ఉన్నాయనీ, హాస్టల్లో గది దొరకడం కష్టమనీ, పరీక్షల ఫలితాలు ఆలస్యమవుతాయనీ వాళ్ళు దాచకుండా చెప్పారు. ఇన్ని చెడ్డ సంగతులు విని వచ్చిన పిల్ల మొహం వెలిగిపోతోంది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎండ దెబ్బేమో అనుకుని మజ్జిగ తాగించాను.

ఇంటికొచ్చి డైరీలో పేజీ మధ్యకి గీత గీసి మంచీ చెడ్డా రెండు వైపులా రాశాను. చిన్నదాని వైపు పేజీ నిండిపోయింది. నిండినా మనసు నిలవలేదు. వరసగా కొన్ని రోజులు అదే పేజీ తీసి చూడడం, మూసేయడం.

ఇక మా ఇంటి పద్ధతి చెప్పాలి. ఏ పెద్ద నిర్ణయమైనా ముందు ప్రార్థన. ఒకరి తరువాత ఒకరు అందరూ చేస్తాం, చివరికి నేను ముగిస్తాను. ప్రార్థన మధ్యలో ఎవరూ అడ్డురాకూడదు, అయ్యాక అందరూ ఆమెన్ అనాలి. మా నాన్నగారు పెట్టిన నియమం. కాలక్రమాన ఏమైందంటే, ఎదురుగా అనలేని మాటలన్నీ మావాళ్ళు ప్రార్థనలో అనడం మొదలుపెట్టారు. కోడలు పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇది చూసి హడలిపోయింది. ఇప్పుడు తనూ ఆరితేరింది.

ఆ మధ్యాహ్నం మొదట నా భార్య కళ్ళు మూసుకుంది.

"ప్రేమగల తండ్రీ, ఈ బిడ్డని కంటికి దూరం చెయ్యకు నాయనా. దగ్గర కాలేజీలోనే స్థిరపరచు. అది చిన్నదే అయినా నీ దృష్టిలో చిన్నది కాదు ప్రభువా. శనివారం శనివారం ఇంటికొచ్చి కాస్త కూడు తినేలా సహాయం చెయ్యి. ఆమెన్."

అందరం ఆమెన్ అన్నాం.

"అది ప్రార్థనా మామ్మా, సిఫార్సా?" అంది మనవరాలు, కళ్ళు మూసుకునే.

"ష్" అంది మా అమ్మాయి, తన వంతు అందుకుంటూ. "తండ్రీ, ఆ పెద్ద యూనివర్సిటీ పేరు చెబితే ఏ ఊళ్ళోనైనా తెలుస్తుందని నీకు తెలుసు. కొంతమంది పెద్దవాళ్ళ మనసులు ఇంకా ఆ ఏసీ గదిలో తిన్న చేపల పులుసు దగ్గరే ఆగిపోయేయి. వారి కన్నులు తెరువు ప్రభువా. ఆమెన్."

దానికీ ఆమెన్ అన్నాం. ఏం చేస్తాం?

మా అబ్బాయి ప్రార్థన ఎప్పుడూ పొట్టిదే. "ప్రభువా, ఫీజు సంగతి నేను చూసుకుంటాను. ఆ మాట మా నాన్నగారికి నువ్వైనా చెప్పు, నేను చెబితే వినడం లేదు. చిన్నచోట ఉద్యోగం చూపిస్తామంటున్నారు, అది నిజమైతే అదే ఇయ్యి. ఆమెన్." కోడలు మాత్రం "పిల్ల ఎక్కడున్నా తోడుండు తండ్రీ" అని ఊరుకుంది.

నా వంతు వచ్చింది. అలవాటుగా గొంతు సవరించుకున్నాను. ఏమని అడగాలో తెలుసు. ఆ కుర్చీ, ఆ "మా మాస్టారండీ" అన్న మాట, అన్నీ నాలుక చివరనే ఉన్నాయి. నేను అడిగితే ఇక దానిమీద మాట ఉండదు. కళ్ళు తెరిచి చూశాను. పిల్ల రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుని ఉంది, వేళ్ళు తెల్లబడేటట్టు.

"నువ్వు ముగించమ్మా" అన్నాను.

"నేనా? ముగింపు మీదే కదా తాతయ్యా?"

"ఇవ్వాళ నీది."

అందరూ కళ్ళు తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు. పిల్ల మొదలుపెట్టింది.

"ప్రభువా, నేను ఎల్‌.కె.జి. నుంచీ మాస్టారి మనవరాలినే. మార్కులు తగ్గితే తాతయ్యకి చెప్పేవారు, పెరిగితే తాతయ్య పోలికనేవారు. మొన్న ఆ సార్ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు తండ్రీ. నా అప్లికేషన్ తెరవనే లేదు. సీటిచ్చేసేరు. నా రొయ్యలపొడి కూడా అంతే. అత్తయ్య మొహం చూసి కొన్నారు గానీ, బాగుందో లేదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ముక్కూ మొహం తెలీనివాళ్ళు నా దగ్గర కొంటారో లేదో నాకు తెలియాలి. ఆ పెద్దచోట నేనెవరో ఎవరికీ తెలీదు. క్యూలో నిలబడతాను. గది దొరక్కపోతే వెతుక్కుంటాను. భయంగానే ఉంది. రేపు అక్కడికే వెళ్తాను. తాతయ్యకి కష్టం కలగనియ్యకు. ఆమెన్."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆమెన్ అంటే ఒప్పుకున్నట్టే మరి. నా భార్య నావైపు చూస్తోందని కళ్ళు మూసుకున్నా తెలుస్తూనే ఉంది.

"ఆమెన్" అన్నాను. అందరికీ వినపడేలా మళ్ళీ అన్నాను.

అప్పుడు మిగతావాళ్ళూ అన్నారు. నా భార్య మాత్రం లేచి లోపలికి వెళ్ళి, వంటింట్లో గిన్నెలు సర్దుతూ, అక్కడ అంది.

మర్నాడు పొద్దున్నే నా పాత శిష్యుడికి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. "ఆయ్, సరేనండీ మాస్టారూ" అన్నాడు. ఆపైన, "మాలో ఏమన్నా లోటు కనిపించిందాండీ?" అన్నాడు. లేదన్నాను. నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే ఎవరో పిలుస్తున్నారని పెట్టేశాడు. ఫోన్ చేతిలో పట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరిగాను. మళ్ళీ చేద్దామా అనుకున్నాను. చెయ్యలేదు.

మనవరాలు సంచీ సర్దుకుని వచ్చింది. రావులపాలెం వెళ్ళి అక్కడ దూరపు బస్సు ఎక్కాలి. నేను అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకుని, గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆ కిటికీ దగ్గర ఎవరితో మాట్లాడాలో దారిలో చెబుదామని.

"మీరెక్కడికి తాతయ్యా?"

"రావులపాలెం దాకా."

"రావులపాలెంలో ఆగుతారా?"

పిల్ల నవ్వి, నా చేతిలోని గొడుగు తీసుకుంది. "ఇదొక్కటీ ఇవ్వండి చాలు" అని ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగాక చెప్పులు విడిచి లోపలికి వచ్చాను. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను. నా భార్య కాఫీ ఇచ్చి, పక్కనే నిలబడింది. కాఫీ సగం తాగాక, బస్సు దొరికిందో లేదో ఫోన్ చేసి అడగమంది. అడగనన్నాను.